గీ డబ్బ నీళ్లు చెప్తదా?

మాది ఉప్పునుంతల. కాలేజీలో చేరిన కొత్తలో ఎవరైనా ఊరు అడిగితే ఆ పేరు చెప్పేదాన్ని. తెలియనట్టు మొహం పెడితే "అచ్చంపేట దగ్గర" అనేదాన్ని. అదీ తెలియకపోతే "నాగర్‌కర్నూల్ జిల్లా, నల్లమలకు ఇవతల" అని ఆపేసేదాన్ని. అంతకంటే ఎక్కువ చెప్పాలంటే బోర్ల గురించి చెప్పాలి. అవి హాస్టల్ రూమ్‌లో చెప్పుకునే కబుర్లు కావు.

ఈ సంచికకు ఏదైనా రాయమని క్లబ్ వాళ్లు అడిగినప్పుడు అంగారకుడి మీద దిగిన ల్యాండర్ గురించి రాస్తానన్నాను. "మళ్లీ టెక్ ఆర్టికలేనా?" అన్నాడు మా ఎడిటర్ అన్న. "కాదన్నా, మా నాయిన గురించి" అన్నాను. ఆయన నన్ను అదోలా చూశాడు. చదివినాక మీరు ఎట్లా చూస్తారో మీ ఇష్టం.

ముందు మా చేను సంగతి. మాకు నాలుగెకరాలుంది. పత్తి, మక్క, వాన బాగుంటే పల్లి. అందులో మూడు బోర్లున్నాయి. ఒకటి తాత కాలంలో వేసింది, ఎండిపోయింది. రెండోది పుట్టుకతోనే ఎండు బోరు. మూడోది గంట పోసి రెండు గంటలు ఆగుతది. ఎండిపోయిన రెండింటి నోళ్ల మీద బండలు పెట్టి, చుట్టూ ముళ్లకంప వేశాడు నాయిన. చిన్నప్పుడు ఆ బండల దగ్గరికి పోతే అవ్వ కొట్టేది.

రెండో బోరు వేసిన రాత్రి నాకు బాగా గుర్తు. ఏడో తరగతిలో ఉన్నా. పాయింటు పెట్టడానికి ఒకాయన వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా నడిచాడు. ఒక చోట కాయ నిటారుగా లేచింది. "ఈడ ఉంది గంగమ్మ" అన్నాడు. అమ్మ అక్కడ పసుపు, కుంకుమ వేసింది. చీకటి పడ్డాక బోరు బండి వచ్చింది. తెల్లవార్లూ తెల్లటి దుమ్ము లేస్తూనే ఉంది. వందడుగులు, రెండొందలు, మూడొందలు. ప్రతి రాడ్డుకూ నాయిన ఆ దుమ్ము చేతిలోకి తీసుకుని పిసికి చూసేవాడు, తడి తగులుతుందేమోనని. తగల్లేదు. పొద్దున బండి వెళ్లిపోయాక మా చేన్లో జొన్నపిండి ఆరబోసినట్టు బండపొడి మిగిలింది. ఆ అప్పు తీరడానికి ఎన్ని పత్తి పంటలు పట్టాయో నేను లెక్కపెట్టలేదు గాని, నాయిన పెట్టే ఉంటాడు.

అదే రోజుల్లో, నేను స్కూల్లో ఉండగానే, ఇంకో చోట ఇంకో నేలను వినడానికి ఒక యంత్రం తయారవుతూ ఉండింది. అప్పుడు నాకు తెలియదు. బీటెక్ మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టు కోసం చదువుతుంటే తెలిసింది.

దాని పేరు ఇన్‌సైట్. నాసాది. 2018 మే 5న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి బయలుదేరి, నవంబర్ 26న అంగారకుడి మీద దిగింది. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటి 27వ తేదీ వచ్చింది. రోవర్లలాగా అది తిరగదు. దిగిన చోటే కూర్చుంటుంది. దాని పని ఒక్కటే: ఆ గ్రహం కడుపులో ఏముందో తెలుసుకోవడం. పైన ఎంత మందాన పెంకు ఉంది, కింద ఎలాంటి రాయి, నడిమధ్య ఉన్న గర్భం ఎంత పెద్దది, అది ద్రవమా, ఘనమా.

అంగారకుడే ఎందుకంటే, భూమి తన చిన్ననాటి గుర్తులు తనే చెరిపేసుకుంది. లోపలి వేడికి రాయి కలియబడి, పలకలు జరిగి, పాతదంతా కరిగి కొత్తదయింది. అంగారకుడి అడ్డుకొలత భూమిలో సుమారు సగం. తొందరగా చల్లబడింది, పలకల గొడవ లేదు. పుట్టిన కొత్తలో లోపల పొరలు ఎట్లా విడిపోయాయో ఆ గుర్తు ఇంకా మిగిలి ఉంటుందని ఆశ.

లోపలికి చూడాలంటే తవ్వక్కర్లేదు, వినాలి. భూకంపం వచ్చినప్పుడు అలలు రాళ్లలోంచి పోతాయి. గట్టి రాయిలో వేగంగా, మెత్తని దాంట్లో నెమ్మదిగా. ద్రవంలోంచి కొన్ని అలలు అసలు పోలేవు. అవి ఎప్పుడు వచ్చాయి, ఎట్లా వంగాయి అని లెక్కేస్తే దారిలో ఏముందో తెలుస్తుంది. మన ఉప్పల్‌లో 1961 నుంచి ఉన్న ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు కూడా భూమి విషయంలో ఈ పని చేస్తారు. మెట్రో ఎక్కి ఉప్పల్ పోయే మనలో ఎంతమంది ఆ గేటు లోపల ఏం జరుగుతుందో ఆలోచించాం?

అంగారకుడి మీద వినాలన్న ప్రయత్నం ఇన్‌సైట్‌తో మొదలు కాలేదు. 1976లో దిగిన రెండు వైకింగ్ ల్యాండర్లూ సీస్మోమీటర్లు తీసుకెళ్లాయి. ప్రయాణంలో కదలకుండా బిగించి పెట్టిన పట్టు మొదటిదాంట్లో వదల్లేదు, అది పని చేయనే లేదు. రెండోది చేసింది గాని, దాన్ని ల్యాండర్ పైనే అమర్చారు. గాలి వీస్తే ల్యాండర్ ఊగేది, ల్యాండర్ ఊగితే సీస్మోమీటర్ ఊగేది. నేలను వినడానికి పోయి ఎక్కువగా గాలినే విని వచ్చింది.

ఈ వైకింగ్ ముచ్చట చదివిన వారంలోనే నాకూ అదే జరిగింది.

మా మినీ ప్రాజెక్టు చిన్న సీస్మోమీటర్. ఒక జియోఫోన్ కొన్నాం. లోపల స్ప్రింగుకు వేలాడే తీగచుట్ట, దాని మధ్యలో అయస్కాంతం. నేల కదిలితే చిన్న వోల్టేజి పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్‌తో పెంచి, బోర్డులోకి పంపి, లాప్‌టాప్‌లో గీతగా గీయాలి. ల్యాబ్ టేబుల్ మీద పెట్టి ఆన్ చేశాం. గీత పిచ్చిపట్టినట్టు ఊగింది. ఫ్యాను తిరిగినా, వరండాలో ఎవరైనా నడిచినా, పక్క బెంచి జరిపినా భూకంపమే. రెండు వారాలు సర్క్యూట్ మార్చాం, కోడ్ మార్చాం. చివరికి మా గైడ్ సార్ వచ్చి చూసి, "సెన్సర్ బాగానే ఉందమ్మా. మీరు దాన్ని టేబుల్ మాట వినమని కూర్చోబెట్టారు" అన్నారు.

ఇన్‌సైట్ వాళ్లు వైకింగ్ పాఠం మర్చిపోలేదు. సీస్మోమీటర్‌ను ల్యాండర్ మీద ఉంచకుండా, రోబో చేత్తో ఎత్తి నేల మీద పెట్టాలని, దాని మీద గాలి, చలి తగలకుండా బోర్లించిన గిన్నెలాంటి మూత వేయాలని ముందే అనుకున్నారు. మూత అంచుకు గొలుసుల కుచ్చిళ్లు కూడా ఉన్నాయి, ఎగుడుదిగుడు నేలకు అతుక్కుని సందు లేకుండా చూడటానికి.

కానీ ఆ సీస్మోమీటర్ దగ్గరే అసలు పరీక్ష ఎదురైంది. దాన్ని తయారు చేసే బాధ్యత ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ సీఎన్‌ఈఎస్‌ది. హైడ్రోజన్ పరమాణువు కంటే చిన్న కదలికను కూడా పట్టేంత సున్నితం. అంత సున్నితమైన లోలకాల చుట్టూ గాలి ఉండకూడదు, అందుకే వాటిని శూన్యం చేసిన లోహపు గోళంలో పెట్టారు. 2016 మార్చిలో ప్రయోగం. 2015లో గోళం లీకవుతోందని తెలిసింది. బాగు చేశారు. డిసెంబరులో మైనస్ 45 డిగ్రీల చలిలో పెట్టి పరీక్షిస్తే మళ్లీ లీకయింది. లీకు చాలా చిన్నది. బయలుదేరడానికి మూడు నెలలు కూడా లేదు.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి. భూమి, అంగారకుడు ప్రయాణానికి అనువుగా ఎదురుపడేది సుమారు 26 నెలలకు ఒకసారి. మార్చి తప్పితే మళ్లీ 2018 మే. ల్యాండర్ తయారుగా ఉంది. రాకెట్ ఉంది. ఖర్చు చాలావరకు అయిపోయింది. ఆగితే ఇంకో 15 కోట్ల డాలర్లకు పైగా కావాలి, అసలు ప్రాజెక్టే రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది. ఇన్ని ఉన్నా ఆపేశారు. శూన్యపు గోళాన్ని నాసా జేపీఎల్ వాళ్లు మళ్లీ కొత్తగా డిజైన్ చేసి, కట్టి, పరీక్షించారు. తయారుగా ఉన్న ల్యాండర్ రెండేళ్లు పెట్టెలో కూర్చుంది.

ఈ ముక్క చదివినప్పుడు నాకు బాగానే అనిపించింది, అంతే. మా ఇంట్లో అక్కరకొస్తుందని అనుకోలేదు.

ఉగాదికి ఊరికి పోతూ జియోఫోన్ డబ్బాను బ్యాగులో వేసుకుపోయాను. హాస్టల్లో ఎక్కడ పెట్టినా చప్పుడే, మా చేను కంటే ప్రశాంతమైన చోటు ఎక్కడుంటుంది? సాయంత్రం చేనుకు పోయి, ఎండిపోయిన రెండో బోరు దగ్గర అడుగు లోతు గుంత తీసి, జియోఫోన్ మేకును నేలలో గట్టిగా దింపి, దాని మీద అమ్మ దగ్గర అడిగి తెచ్చిన పాత సత్తుగిన్నె బోర్లించి, చుట్టూ మట్టి కప్పాను. నాయిన గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

"గీ డబ్బ నీళ్లు చెప్తదా?" అన్నాడు.

"చెప్పదు నాయినా."

"మరేం చెప్తది?"

"భూమి కదిలితే చెప్తది."

"భూమి కదిలితే మనకే ఎరుకైతది కద బిడ్డా" అని నవ్వాడు. నాకు జవాబు దొరకలేదు.

గీత మాత్రం అద్భుతంగా ఉంది. దాదాపు నిటారు గీత. నాయిన లేచి నడిస్తే ఒక్కో అడుగుకు ఒక్కో చిన్న ముల్లు లేచింది. ఆయనకు చూపించాను. తన నడకను తాను గీతలో చూసుకుని, రెండడుగులు అటూ ఇటూ కావాలనే వేసి మళ్లీ చూశాడు.

రాత్రి తొమ్మిదికి గీత దట్టంగా మారింది. ఏం పాడైందోనని భయపడ్డాను. తర్వాత చెవులకూ వినిపించింది. పక్క చేను పెద్దనాయిన వాళ్లు బోరు వేస్తున్నారు. బండి సుత్తి దెబ్బలు నేలలోంచి మా డబ్బాకు చేరుతున్నాయి. కొద్దిసేపటికోసారి గీత ఆగేది, మళ్లీ మొదలయ్యేది. ఆగినప్పుడల్లా పైన కొత్త రాడ్డు బిగిస్తున్నారు. నేను, నాయిన చాప మీద కూర్చుని లెక్కపెట్టాం. పదిహేడు రాడ్లు. ఒక్కోటి 20 అడుగులు.

"340 అడుగులు దిగిండ్రు" అన్నాడు నాయిన. పొద్దున పోయి అడిగితే అంతే అన్నారు. ఎంత లోతు పోయారో మా డబ్బా ఇంట్లోంచే చెప్పింది. కానీ అక్కడ నీళ్లు పడ్డాయని చెప్పలేదు. పడ్డాయి. ఇంచున్నర.

అక్కడి నుంచి మొదలైంది. బండి ఇంకా పెద్దనాయిన చేన్లోనే ఉంది. బండి వాళ్లు వచ్చి, "ఎట్లనో ఈడనే ఉన్నం, మీకు గుడ ఏసి పోతం, తక్కువకు చేస్తం. ఎల్లుండికి కల్వకుర్తి పోవాలె, మళ్లొస్తమో రామో" అన్నారు. నాయిన దగ్గర పత్తి అమ్మిన పైసలున్నాయి. అవి పాత బోరు అప్పులో మిగిలింది కట్టడానికి పెట్టినవి. నాయిన ఇంట్లోకొచ్చి అమ్మతో, "గట్టు అవతల పడ్డయి, ఇవతల పడవా?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోతే అది ఒప్పుకోవడం కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు, నాయినకు తప్ప.

నేను మధ్యలో దూరాను. నా వయసుకు, ఆ ఇంట్లో నా స్థానానికి అది పెద్ద మాటే. "నాయినా, రెండు వారాలు ఆగు. కరెంటు పెట్టి చూసే జియాలజిస్టును పిలిపిద్దాం" అన్నాను.

"రెండు వారాలకు బండి ఉంటదా?"

"ఉండదు. ఇంకో బండి వస్తది."

"ధర పెంచుతరు."

"పెంచనీ."

కోపమొచ్చింది ఆయనకు. రావడం న్యాయమే. బోరు వేసేది ఆయన, అప్పు కట్టేది ఆయన, నేను సెలవుకొచ్చి సలహా చెప్పే మనిషిని. అప్పుడు నోటికొచ్చింది ఇన్‌సైట్ కథ. రాకెట్ తయారుగా ఉన్నా, మూడు నెలల్లో బయలుదేరాల్సి ఉన్నా, సన్నటి లీకు ఉందని రెండేళ్లకు పైగా ఆపుకున్నారని చెప్పాను. అన్నీ సిద్ధంగా ఉన్నాయి కదా అని పోలేదని, నష్టం వస్తుందని తెలిసి కూడా ఆగారని.

నాయిన అంతా విన్నాడు. "ఆళ్లకు సర్కారు పైసలున్నయి బిడ్డా, ఆగుతరు" అన్నాడు.

"మనకు లేవనే గద నాయినా ఆగమంటున్న."

ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి బండి కల్వకుర్తి పోయింది.

రెండు వారాల తర్వాత వచ్చిన జియాలజిస్టు పని చూస్తే మన ఫస్టియర్ ల్యాబే. నాలుగు ఇనుప మేకులు వరసగా దిగగొట్టాడు. బయటి రెండింటిలోంచి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలిచాడు. మేకులు దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతు నుంచి తిరిగొస్తుంది. ఓం నియమమే. ఎండు గ్రానైటుకు నిరోధం చాలా ఎక్కువ, తడిసిన మెత్తరాయికి తక్కువ. మా పక్క నేల కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల కిందటి రాయి. దానికదే నీళ్లు పట్టుకోదు. పైన కుళ్లి మెత్తబడిన పొరలో, కింద ఉంటే గింటే పగుళ్లలో నీళ్లుంటాయి. గట్టుకు అవతల పగులు ఉంటే ఇవతల ఉండాలని లేదు.

మా చేన్లో మూడు చోట్ల చూశాడు. రెండు చోట్ల 60 అడుగుల కిందంతా గట్టి బండ అన్నాడు. మూడో చోట, కుంట వైపు మూలకు, 200 అడుగుల దగ్గర ఏదో తేడా కనిపిస్తోందని, అది పగులు కావచ్చు, కాకపోనూ వచ్చు, సగానికి సగం అని చెప్పాడు. నాయిన ఆ మాటను రెండుసార్లు చెప్పించుకున్నాడు. కొబ్బరికాయ ఆయన ఎప్పుడూ సగానికి సగం అనలేదు కదా.

ఆ ఏడాది బోరు వేయలేదు. అప్పు కట్టేశాడు.

ఇక్కడ ఆపేస్తే నాకు బాగుంటుంది. బాగా తయారైన వాళ్లు గెలుస్తారు, తొందరపడ్డ వాళ్లు ఓడిపోతారు అని ముగించవచ్చు. కానీ కళ్ల ముందు ఉన్నది వేరు. ఏ సర్వే లేకుండా వేసిన పెద్దనాయిన వాళ్ల బోరు పోస్తోంది. యాసంగిలో వాళ్ల పొలం పచ్చగా, మాది బీడుగా ఉంటుంది. ఆ గట్టు మీద నడిచినప్పుడల్లా నేను నాయిన మొహం చూడను. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే మా బోరులో కూడా నీళ్లు పడేవేమో. వేయని బోరు సంగతి ఏ డబ్బా చెప్పదు.

ఇన్‌సైట్ కథలోనూ ఈ రెండో సగం ఉంది. చాలామంది దాన్ని దాటేసి చెప్తారు. సీస్మోమీటర్‌తో పాటు అది ఇంకో పరికరం తీసుకెళ్లింది. జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్‌ఆర్ చేసిన వేడి కొలిచే మేకు. నేలను తనే తొలుచుకుంటూ పోతుంది, మన పందికొక్కులాగా. దాని పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. లోపలి సుత్తితో తనను తాను కొట్టుకుంటూ 5 మీటర్ల దాకా దిగాలి. గ్రహం లోపలి నుంచి ఎంత వేడి బయటికొస్తోందో కొలవాలి.

దీనికి తయారీ తక్కువా అంటే కాదు. దిగే చోటును 22 చోట్ల నుంచి వడపోసి ఎలిసియం ప్లానిషియా అనే మైదానం ఎంచుకున్నారు. చదునుగా, రాళ్లు తక్కువగా, సోలార్ పలకలకు ఎండ బాగా తగిలేలా నడిరేఖ దగ్గర. దిగాక కూడా తొందరపడలేదు. జేపీఎల్‌లో ఇన్‌సైట్ జంట ల్యాండర్ ఒకటి ఉంది. దాన్ని నిలబెట్టిన గదిలో గార్నెట్ పొడి పోసి, అంగారకుడి నుంచి వచ్చిన ఫోటోలు చూస్తూ ఎత్తుపల్లాలు అచ్చం అట్లాగే దిద్ది, ప్రతి కదలికనూ ముందు ఇక్కడ చేసి చూసి, తర్వాతే అక్కడికి ఆదేశం పంపారు. 2018 డిసెంబర్ 19న సీస్మోమీటర్‌ను నేల మీద పెట్టారు. 2019 ఫిబ్రవరి 2న మూత వేశారు. ఆ నెల 28న మేకు కొట్టడం మొదలుపెట్టింది.

సుమారు ఒక అడుగు లోతు పోయి ఆగిపోయింది. సుత్తితో కొట్టినప్పుడు వెనక్కి ఎగరకుండా చుట్టూ మట్టి పట్టుకోవాలి. ఇసుక జారి పట్టుకుంటుందని లెక్క. అక్కడి మట్టి గడ్డకట్టే రకం, చుట్టూ గుంతగా విడిపోయింది, పట్టుకోలేదు. రోబో చేతి పారతో పక్క నుంచి నొక్కారు, పై నుంచి నొక్కారు, మట్టి తోశారు. సుమారు రెండేళ్లు. 2021 జనవరి 9న చివరిగా 500 దెబ్బలు కొట్టి, కదలక, వదిలేశారు. మేకు పై కొన నేలకు రెండు మూడు సెంటీమీటర్ల కింద ఉండిపోయింది.

తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. చేయగలిగిన తయారీ అంతా చేశారు. కానీ తాము ఎన్నడూ ముట్టని మట్టి కోసం చేశారు. అది ముట్టినప్పుడే తెలుస్తుంది. తర్వాత 2023 ఆగస్టులో మన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీది చేస్ట్ అనే పరికరం చంద్రుడి మట్టిలోకి 10 సెంటీమీటర్ల మేకును దింపి, లోపలి వేడిని కొలిచింది. సుత్తి లేదు, మోటారుతో నెమ్మదిగా నెట్టారు. అదే విక్రమ్‌లో ఇల్సా అనే చిన్న సీస్మోమీటర్ కూడా ఉంది. ఒకరి మేకు ఆగిపోయిన కథ ఇంకొకరికి తయారీలో భాగమవుతుంది. మా రెండో బోరు కూడా అంతేనేమో. మా వీధిలో ఆ తర్వాత కొందరు కొబ్బరికాయ కంటే ముందు మేకుల ఆయనను పిలిచారు.

మేకు ఓడిపోయింది గాని, కదలకుండా కూర్చుని విన్న డబ్బా గెలిచింది. 2019 ఏప్రిల్ 6న మొదటి అంగారక కంపం వినబడింది. గాలి తగ్గి, నేల నిమ్మళించే సాయంత్రాల్లో బాగా వినబడేవి. నాలుగేళ్లలో 1,300కు పైగా లెక్కకొచ్చాయి. 2022 మే 4న వచ్చింది అన్నింటికంటే పెద్దది, తీవ్రత 4.7. ఈ కంపాల వల్లే అంగారకుడి పెంకు మందం, లోపల ద్రవంగా ఉన్న లోహ గర్భం సైజు మొదటిసారి లెక్కకు వచ్చాయి. ఆ లెక్కలు ఇంకా దిద్దుకుంటూనే ఉన్నారు. ల్యాండర్ మాత్రం లేదు. సోలార్ పలకల మీద దుమ్ము పేరుకుని, కరెంటు తగ్గుతూ తగ్గుతూ, 2022 డిసెంబరులో మాట ఆగిపోయింది. దాని మీద రెండు చిప్‌లలో 24 లక్షల మంది పేర్లు చెక్కి పంపారు. వాటిలో మన దేశం వాళ్లవే లక్షకు పైగా. మన సీనియర్ల పేర్లు కూడా ఉండే ఉంటాయి.

మొన్న దసరాకు ఇంటికి పోయినప్పుడు ఈ వ్యాసం రాస్తున్నానని నాయినకు చెప్పాను. ఒక సంగతి దాచిపెట్టుకున్నా ఆయన కోసం. 2024 ఆగస్టులో కొందరు శాస్త్రవేత్తలు ఇన్‌సైట్ విన్న అలల వేగాలను మళ్లీ లెక్కేశారు. ల్యాండర్ కింద, సుమారు 11 నుంచి 20 కిలోమీటర్ల లోతులో, పగుళ్లు పడ్డ రాయి ఉందని, ఆ పగుళ్ల నిండా నీళ్లు ఉండవచ్చని అన్నారు. అందరూ ఒప్పుకోలేదు, చర్చ నడుస్తోంది. అక్కడా మా చేను కథే: గట్టి రాయి, పగులు, నీళ్లు, సగానికి సగం.

"ఆ రోజు అడిగినవ్ గద నాయినా, గీ డబ్బ నీళ్లు చెప్తదా అని. చెప్పిందట."

"ఎంత లోతున?"

"పదకొండు కిలోమీటర్లు. ఇరవై దాకా."

నాయిన కాసేపు లెక్కేసుకున్నాడు. రాడ్డుకు 20 అడుగులైతే ఎన్ని రాడ్లో చూసుకున్నట్టున్నాడు.

"గంత లోతుకు బోరు బండి ఏడ దొరుకుతది, అడుక్కి ఎంత అడుగుతరు?" అన్నాడు. తర్వాత, గట్టు అవతలి పచ్చదనం వైపు చూడకుండా, కుంట వైపు మూలను చూస్తూ, "మనది 200 అడుగులే కద" అన్నాడు.

వచ్చే ఎండాకాలం ఆ మూలలో మళ్లీ ఒకసారి మేకులు దింపించి చూద్దామనుకుంటున్నాం. ఇంకో కోణంలో, ఇంకో నాలుగు చోట్ల. ఆ తర్వాత వేయాలో వద్దో నాయిన ఇష్టం. ఆ రాత్రి ఆయన చేతిలో బండపొడి పిసికి చూస్తుంటే ఈసారి నేను పక్కనుంటాను. జియోఫోన్ కూడా తీసుకుపోతాను. రాడ్లు లెక్కపెట్టడానికైనా పనికొస్తుంది.